గురువారం పాటలో మూడో చరణం

సంచిలో అడుగున మేజోళ్లు పెట్టాలి. మేజోళ్లు మూలల్లోకి సర్దుకుంటాయి. వాటి మీద లోబట్టలు, ఆ పైన ఉన్ని చొక్కా, అన్నిటికంటే పైన పడుకునేటప్పుడు వేసుకునే గౌను, ఎందుకంటే దిగిన చోట మొదట కావలసింది అదే. ఈ వరస వెస్టాకి ఎవరూ నేర్పలేదు. డెబ్బై ఎనిమిదేళ్లలో తన కోసం తను సంచి సర్దుకున్నది ఐదారుసార్లకి మించదు, మిగతావన్నీ వెళ్లేవాళ్ల కోసం సర్దినవే. అందుకేనేమో ఇవాళ తన బట్టలు తనే మడతపెడుతుంటే అవి ఇంకెవరివోలాగా ఉన్నాయి. గౌను రెండుసార్లు తీసింది, రెండుసార్లు పెట్టింది. పొయ్యి మీది గడియారంలో తొమ్మిదయింది. పదింటికి మేనకోడలు కార్లా కారు తీసుకుని వస్తుంది. హామిల్టన్ నుంచి నాష్‌విల్‌కి ఐదు గంటలు, మధ్యలో ఆగితే ఆరు. విమానంలో అయితే గంటే కదా అంది ఫోనులో ఆ పాడే పిల్ల, టెస్సా. విమానం ఎక్కను అంది వెస్టా. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. తన తమ్ముడి పాట పాడాలనుకునే వాళ్లందరికీ ఆ మాత్రం తెలిసే ఉంటుంది.

ఆ పిల్ల అడిగింది వేరే. "వెస్టా గారూ, ఆ పాటకి మూడో చరణం ఉండేదట కదా, మీకు గుర్తుందా?" అంది. గొంతులో ఆశ కనబడకుండా ఉండాలని జాగ్రత్తపడుతూ అడిగింది పాపం. యాభై ఏళ్లలో ఎంతమంది అడిగారు, పత్రికల వాళ్లు, రేడియో వాళ్లు, తలుపు తట్టి పూలగుత్తి చేతిలో పెట్టిన వాళ్లు, అందరికీ లేదనే చెప్పింది, ఆ రోజు మాత్రం ఎందుకో నోరు దానంతట అదే తెరుచుకుని, "ఉంది" అంది. వారం రోజులుగా తిండి సయించడం లేదు. టెస్సా తన కొత్త రికార్డులో ఆ చరణం పాడుతుందట. మీ కొండల్లో చర్చిలో చేసేవాళ్లట కదా, అలాగే మీరు ఒక్కొక్క లైను మాటల్లో అందించండి, నేను పాటలో అందుకుంటాను, మీ గొంతు కూడా రికార్డులో ఉంటుంది, అంది. ఎంత తియ్యగా అడిగింది! ఇవ్వవలసింది ఎంత ఉందో తెలియనివాళ్లే అంత తియ్యగా అడగగలరు.

బీపీ మాత్రల డబ్బా సంచి పక్క జేబులో. ఇది ముందే పెట్టిందా? పెట్టింది. తీసి చూసుకుని మళ్లీ పెట్టింది. కొడుకుకి పన్ను పీకించడానికి కార్లా డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు తోడు వెళ్లింది, ఎప్పుడో పదిహేనేళ్ల కిందట, అక్కడ గోడలోని స్పీకర్లోంచి ఆ పాటే వస్తోంది, మాటల్లేకుండా, పిల్లనగ్రోవి మీద. మాటల్లేని పాటలో కూడా మూడో చరణం ఉండాల్సిన చోట ఆ ఖాళీ ఉంది. రెండు చరణాలు అయిపోయాయి, పిల్లనగ్రోవి ఆగింది, గిటారు ఒక్కటే పంతొమ్మిది సెకన్లు అలా నడుచుకుంటూ పోయింది, తర్వాత మళ్లీ "గురువారం దాకా" అనే వరస మొదలైంది. ఎదురుగా కూర్చున్నాయన దవడ పట్టుకుని పత్రిక తిరగేస్తున్నాడు. ఆయనకేం తెలుసు. ఆ పాట అందరిదీ అయిపోయింది, ఆ ఖాళీ కూడా అందరిదీ అయిపోయింది. వేగాస్‌లో ముప్ఫై వయొలిన్లతో పాడినావిడ ఆ పంతొమ్మిది సెకన్లూ కళ్లు మూసుకుని చెయ్యి గుండెల మీద పెట్టుకునేదని టీవీలో చూసింది. నాష్‌విల్ వాళ్లు అందులో స్టీలు గిటారుని ఏడిపించారు. ఎనభైల్లో ఒక ఇంగ్లండు కుర్రాళ్ల జట్టు యంత్రంతో డోలు కొట్టించారు, ఖాళీ వచ్చినప్పుడు కూడా ఆ డోలు లెక్క తప్పకుండా టకటక కొట్టుకుంటూ పోయింది, పక్కవాడు చచ్చినా పని ఆపని కూలీలాగా. మెక్సికో వాళ్లు పాడినప్పుడు సరిగ్గా అక్కడే ఎవరో దూరంగా గొంతెత్తి కేక పెట్టారు. పక్కింటి రామిరో కారు కడుగుతూ అది పెట్టుకుంటే వెస్టా వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడిపోయింది, ఇన్ని పాటల్లో ఆ ఒక్క కేకే నిజంలాగా ఉందనిపించింది. ఆ తర్వాత డెట్రాయిట్ కుర్రాళ్లు, పాట అంతా వదిలేసి ఆ ఖాళీ ఒక్కటే కత్తిరించి, దాన్నే చుట్టూ తిప్పి తిప్పి దాని మీద తమ మాటలు గబగబా చెప్పుకున్నారు. ఆ ఖాళీ మొదట్లో తమ్ముడు డార్సీ ఊపిరి పీల్చిన చప్పుడు ఉంటుంది. పాడబోయేవాడు పీల్చే ఊపిరి. వాళ్ల పాటలో అది నాలుగు నిమిషాల్లో పన్నెండుసార్లు వినిపించింది. పన్నెండుసార్లు పీల్చాడు, ఒక్కసారీ పాడలేదు. వెస్టా రేడియో పీకి బీరువాలో పెట్టేసింది.

ఆ ఊపిరి గురించి ఎన్ని రాశారో. తాగి ఉన్నాడని ఒకరు. భార్య వదిలిపోయింది కదా, ఏడుపొచ్చి ఆగిపోయాడని ఒకరు. టేపు తెగిందని, కావాలనే చేశాడని, మౌనమే మూడో చరణమని. కార్లా ఫోనులో చూపించింది ఒకసారి, ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు దాని మీద పోట్లాడుకుంటున్నారు. "చూశావా అత్తా, నాన్న ఇంకా వీళ్లని జుట్లు పట్టుకునేలా చేస్తున్నాడు" అని కార్లా నవ్వింది. వెస్టా కూడా నవ్వింది. నవ్వి, పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

కార్లాకి నాలుగేళ్లప్పుడు గ్రామఫోను పెట్టె ముందు బోర్లా పడుకుని, ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి చెవి జాలీకి ఆనించేది. "ష్, నాన్న ఊపిరి తీస్తున్నాడు" అనేది. తర్వాత తల తిప్పి, "అత్తా, నాన్న ఏం చెప్పబోయాడు?" అనేది. "మర్చిపోయాడమ్మా" అని చెప్పింది. ఆ పిల్లకి ఇప్పుడు యాభై రెండు. ఆ అబద్ధానికీ దాదాపు అంతే వయసు. తల్లి టెక్సాస్ పోయింది, తండ్రి పాటలో మిగిలాడు, మిగిలింది అత్త ఒక్కతే, ఆ అత్త కూడా నిజం చెప్పకపోతే ఎలా? ఇవాళ స్టూడియోలో ఆ అద్దం అవతల కార్లా కూర్చుని ఉంటుంది, తను మైకు ముందు కూర్చుని మాటలు అందిస్తుంది, అప్పుడు ఆ పిల్లకి అర్థమైపోదూ? మర్చిపోయింది నాన్న కాదని.

దువ్వెన. దువ్వెన ఎక్కడ పెట్టింది?

అందించడం నాన్న దగ్గర నేర్చుకుంది. కెంటకీ కొండల్లో వాళ్ల చర్చిలో వాయిద్యాలు ఉండవు, చేతుల్లో పుస్తకాలూ ఉండవు, ఉన్నా చదివేవాళ్లు తక్కువ. నాన్న లేచి నిలబడి కీర్తనలో ఒక లైను గబగబా మాటల్లో చెప్పేవాడు, చెప్పీ చెప్పకముందే జనం దాన్ని అందుకుని, అబ్బ, ఎంత మెల్లగా, ఎంత పొడుగ్గా లాగేవాళ్లు, లోయలో పొగమంచు పాకినట్టు. ఒక లైను అయ్యేదాకా తర్వాతి లైను ఏమిటో ఎవరికీ పట్టదు. అందించేవాడు ఉన్నాడన్న ధీమా. ఎవరూ ఎప్పుడూ అందించేవాడు ఆగిపోతే ఏమవుతుందని అనుకోలేదు. డార్సీ ఆ ధీమాలోనే పెరిగాడు. వాడికి చదువు రాలేదు. అక్షరాలు వాడి కళ్ల ముందు చీమల్లా పరిగెత్తేవట. బడిలో దెబ్బలు తిని పదేళ్లకే మానేశాడు. వెస్టా అంతకు ముందే మానేసింది, అమ్మకి చేతికింద మనిషి కావాలని. కానీ ఆమె చదువుకుంది, గోడ దగ్గర. చలిగాలి రాకుండా అమ్మ పలకల గోడలకి పిండి ఉడకబెట్టి పాత పేపర్లు అంటించేది. ఏది తల, ఏది కాలు అని చూసేది కాదు. వెస్టా మంచం మీద పడుకుని ఎన్నికలూ హత్యలూ గొర్రెల ధరలూ కూడబలుక్కుంది, తలకిందులుగా ఉన్నవాటిని తలకిందులుగానే చదివింది. ఇప్పటికీ ఆమెకి రెండు వైపుల నుంచీ ఒకటే. చదువుకున్నవాళ్లకి రాని విద్య అది. అది రాకపోయి ఉంటే?

డార్సీ పాటలు నోటితో కట్టేవాడు, వెస్టా పుస్తకంలో రాసేది. పాడేటప్పుడు లైను తర్వాత లైను అందించేది, వంటింట్లో అయినా, వాకిట్లో అయినా. కాలిఫోర్నియా వెళ్లాక కూడా అంతే. బర్బాంక్‌లో ఆ స్టూడియోలో వాడు అద్దం అవతల, ఈమె అద్దం ఇవతల మైకు దగ్గర. ఈమె గొంతు వాడి చెవుల్లో ఉన్న ఫోన్లలోకే వెళ్తుంది, టేపు మీద పడదు. వాయిద్యాలవాళ్లు ముందు నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. రికార్డు చేయించే బెర్నీ మాత్రం అలవాటు పడలేదు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు, ఫిబ్రవరి. బల్ల మీద బెర్నీ ముందు ఒక కాగితం, అతనికి నిటారుగా, ఈమెకి తలకిందులుగా. కచేరీలు చెయ్యాల్సిన ఊళ్ల పేర్లు, తేదీలు, అడుగున రెండు గీతలు గీసి ఒక ముక్క. ప్రయాణం తమ్ముడికి మాత్రమే. అక్క వద్దు. పల్లెటూరి అవతారం, చేతిలో నోటుపుస్తకం, చూసేవాళ్లకి బాగుండదు. అంతే. దాని పక్కనే తప్పుల్లేకుండా గీసుకున్న డార్సీ సంతకం. పేరు ఒక్కటే రాయడం వచ్చు వాడికి, నేర్పింది ఈమే. వాడికి అందులో ఏముందో తెలుసా? ఎవరైనా చదివి వినిపించారా? యాభై ఏళ్లుగా ఈ ఒక్క ప్రశ్న అటు తిప్పి ఇటు తిప్పి చూస్తోంది. తెలియకే పెట్టి ఉంటాడు. తెలిసే పెట్టాడేమో. అడగలేదు.

టేపు తిరిగింది. మొదటి చరణం అందించింది, నా కప్పు కడగొద్దు గురువారం దాకా, నా కుర్చీ జరపొద్దు గురువారం దాకా. రెండో చరణం అందించింది. వాడు ఎప్పుడూ అంత బాగా పాడలేదు, అది కూడా ఆమెకి కోపమే తెప్పించింది, ఇంత బాగా పాడేవాడికి నేనెందుకు, నేను లేకుండా పాడతావుగా, పాడు చూద్దాం. మూడో చరణం. వాడు ఊపిరి పీల్చాడు. ఆమె నోరు తెరవలేదు. అద్దంలోంచి వాడు తలెత్తి చూశాడు. ఆమె పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది. అక్షరాలు నిటారుగా, స్పష్టంగా, ఆమె సొంత చేతిరాతలో ఉన్నాయి. గిటారువాడు ఏం చెయ్యాలో తెలియక అదే వరస వాయించుకుంటూ పోయాడు. వాడు ఎదురుచూశాడు. అందించేవాళ్లు ఆగితే ఏం చెయ్యాలో వాళ్ల చర్చిలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు. అందుకని నిలబడి ఎదురుచూశాడు, పంతొమ్మిది సెకన్లు, చివరికి తనంతట తనే "గురువారం దాకా" అని మెల్లగా అందుకుని పాట ముగించాడు. బెర్నీ కుర్చీలోంచి లేచి, "ముట్టుకోకండి! ఎవరూ ఏదీ ముట్టుకోకండి, ఇదే పాట!" అని అరిచాడు.

ఆ వేసవిలో దేశమంతా అది మోగింది. ప్రతి కారులోనూ, ప్రతి హోటల్లోనూ, ప్రతి కిటికీలోంచీ తన పంతం తనకే వినబడింది.

ఆ రోజు స్టూడియో నుంచి ఇంటికి వస్తూ కారులో వాడు అన్నది ఒకటే. "ఏమే అక్కా, నోరు నొప్పెట్టిందా?" నవ్వుతూనే అన్నాడు. "నీకేం, నోరు లేకపోయినా పాటవుతుంది" అంది. మళ్లీ ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. తిరిగిన చోటల్లా వాడు ఆ ఖాళీ దగ్గర తల వంచి నిలబడేవాడట, జనం కళ్లు తుడుచుకునేవాళ్లట.

దువ్వెన చేతిలోనే ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. సంచి మూతిలోంచి గౌను తొంగిచూస్తోంది, ఆ నీలం, డార్సీ చొక్కా నీలం, వాడు ఆఖరిసారి వెళ్లిన ఆ సోమవారం సంచిలో పైన పెట్టిన చొక్కా. అడుగున ఉన్ని మేజోళ్లు, కచేరీ ఉన్న ఐడహోలో చలిగా ఉంటుందని. గుడ్డలో చుట్టి మొక్కజొన్న రొట్టె. వాడు గుమ్మానికి ఆనుకుని నిలబడి కార్లాని భుజం మీద ఎక్కించుకుని, ఎటో చూస్తూ, "అక్కా, ఆ మూడో చరణం ఒకసారి అందించవే, మర్చిపోయాను" అన్నాడు. రెండేళ్ల ఎనిమిది నెలల తర్వాత అడిగాడు. ఆమె మడతపెడుతున్న చొక్కా ఆపలేదు. లోపల ఎక్కడో కరుగుతోంది, కరిగితే ఏడుస్తుంది, ఏడిస్తే గెలిచేది వాడు. నోటుపుస్తకం తీసి సంచిలో పడేసింది. "ఇదిగో, ఇందులో ఉంది. చదివేవాళ్లు బోలెడుమంది ఉన్నారుగా నీ వెంట, చదివించుకో" అంది. వాడి మొహం ఒక్క క్షణం బడిలో దెబ్బ తిన్న పిల్లాడి మొహమైంది. మళ్లీ నవ్వేశాడు. "సరేలే, గురువారం వచ్చాక నీ నోటితోనే వింటా." "గురువారం వస్తే చెప్తాలే" అంది.

గురువారం పొద్దున ఫోను చేశాడు. మబ్బుగా ఉందట, చిన్న విమానమట, నలుగురే పడతారట. "సాయంత్రానికి ఇంట్లో ఉంటా. బీన్స్ ఉడకబెట్టు. చెప్తానన్నావు, గుర్తుందిగా?" "ముందు రారా" అంది. అప్పుడు ఫోనులోనే చెప్పి ఉండొచ్చు. నాలుగు లైన్లు. పంతొమ్మిది సెకన్లు. బీన్స్ ఉడికాయి. కొండల మీద వెతికారు, మంచు పడే దాకా వెతికారు, మంచు కరిగాక మళ్లీ వెతికారు. విమానం దొరకలేదు, సంచి దొరకలేదు, పుస్తకం దొరకలేదు. అందుకే ఆ చరణం ఇప్పుడు ఈ లోకంలో ఆమె నోట్లో తప్ప ఎక్కడా లేదు. రోజూ పొద్దున్నే పెదవులు కదపకుండా ఒకసారి అనుకుంటుంది, పోకుండా. ఈ మధ్య రెండో లైను దగ్గర తడబడుతోంది. అదొక భయం. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఎవరూ పాడనంత కాలం వాడు ఇంకా ఆ అద్దం అవతల ఊపిరి పీల్చి నిలబడే ఉన్నాడు, తలెత్తి ఈవైపే చూస్తున్నాడు. అందిస్తే పాడేస్తాడు. పాడేస్తే పాట అయిపోతుంది. అయిపోతే వెళ్లిపోతాడు.

వాకిట్లో కారు ఆగింది. పదికి ఐదు నిమిషాలు తక్కువ. ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే, ముందే వస్తుంది.

"అత్తా! తయారయ్యావా, లేకపోతే సంచితో కుస్తీ పడుతున్నావా?" కార్లా తాళం తిప్పుకుని లోపలికి వచ్చింది. "ఆ దువ్వెన నిన్నేం చేసిందని అలా పిసుకుతున్నావు? అయ్యో, చేతులేంటి ఇంత చల్లగా ఉన్నాయి? వద్దులే, వెళ్లొద్దులే. ఆ పిల్లకి నేను ఫోను చేసి చెప్తా, మా అత్తకి ఒంట్లో బాగాలేదని."

"మీ నాన్న మర్చిపోలేదే" అంది వెస్టా.

"ఏమిటి?"

"ఆ పాటలో. మర్చిపోలేదు. నేను అందించలేదు. ఎదురుగానే కూర్చున్నాను, పుస్తకం చేతిలోనే ఉంది, కోపమొచ్చి నోరు మూసుకున్నాను. వెళ్లేరోజు మళ్లీ అడిగాడు. నిన్ను భుజం మీద ఎక్కించుకుని అడిగాడు. అప్పుడూ చెప్పలేదు."

కార్లా చేతిలో ఉన్న కారు తాళాలు బల్ల మీద పెట్టింది, చప్పుడు కాకుండా. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ మొహంలో ఏముందో వెస్టా చూడలేకపోయింది, కిటికీలోకి చూసింది, రామిరో చెత్తడబ్బా లోపలికి లాక్కుంటున్నాడు.

"యాభై ఏళ్లు అత్తా" అంది కార్లా. "ఆ జాలీకి చెవి ఆనించి ఆనించి నా చెవి మీద గీతలు పడేవి."

"తెలుసు."

"తెలిసి కూడా."

"తెలిసి కూడా."

 కార్లా ముక్కు తుడుచుకుని కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది. "సరే. ముందు నాకు చెప్పు. ఆ పిల్లకి కాదు, ముందు నాకు. మీ చర్చిలో చెప్పినట్టే చెప్పు."

"నీకు పాడటం రాదుగా."

"రాదు. నాకు మా నాన్న పోలిక ఒక్కటే, ఎవరైనా అందిస్తేనే నోరు లేస్తుంది."

వెస్టా లేచి నిలబడింది. కూర్చుని అందించడం నాన్న ఎప్పుడూ చెయ్యలేదు. బల్ల అంచు పట్టుకుంది. ఊపిరి పీల్చింది, ఆ చప్పుడు తనకే వినబడింది, అచ్చం అదే చప్పుడు. లోకమంతా ఆ చరణంలో ఏముంటుందనుకుందో ఆమెకి తెలుసు, వచ్చేస్తానని ఉంటుందనుకున్నారు. రికార్డుకి ముందురోజు వంటింట్లో వాడు కట్టినప్పుడు ఆమె రాస్తూ రాస్తూ, ఇదేమిట్రా ఇలా కట్టావు అంది. ఏమోనే అక్కా, ఇలాగే వచ్చింది అన్నాడు.

"గురువారం దాటిపోతే కప్పు కడిగి బోర్లించు" అంది గబగబా, మాటల్లో.

కార్లా అందుకుంది. శ్రుతి లేదు, తాళం లేదు, మెల్లగా, పొడుగ్గా లాగింది.

రెండో లైను. నోరు ఖాళీ. కార్లా తలెత్తి చూసింది, కంగారు లేకుండా, అందించేవాళ్లు ఉన్నారన్న ధీమాతో. వచ్చింది. "కుర్చీ జరుపుకో, ఎండ పడే చోట కూర్చో."

అందుకుంది.

"తలుపు గడియ పెట్టుకో, దీపం ఆర్పి పడుకో."

అందుకుంది. ఆ లైను సగంలో వదలకుండా చివరిదాకా లాగింది.

"నేను రాని దారిని ఇక చూడకు."

కార్లా పాడటం అయ్యాక వంటింట్లో గిటారు లేదు, బెర్నీ లేడు, ముట్టుకోకండని అరిచేవాళ్లు లేరు. వెస్టా దువ్వెన సంచిలో పెట్టి జిప్పు లాగింది. "స్టూడియోలో నువ్వే అందించు" అంది. "నేను పక్కన కూర్చుంటాను." కార్లా తలూపి సంచి తీసుకుని ముందు నడిచింది. వెస్టా తలుపు వేసి, గడియ పడిందో లేదో అలవాటుగా రెండుసార్లు లాగి చూసింది.

డార్సీ కోంబ్స్ తిరిగి రాలేదు. 1976 అక్టోబరు 14, గురువారం.